యూఎన్‌సీ బంగారు నాణెం కొనేముందు: 1918 బొంబాయి సవరను, నిజాం అష్రఫీ చూసుకునే పద్ధతి

"మా తాతగారి సవరను ఒకటి బీరువాలో ఉంది, అమ్మితే ఎంతొస్తుంది?" అని ఒకరు. "పాత బంగారు నాణెం ఒకటి కొనుక్కోవాలనుంది, మోసపోకుండా ఎలా?" అని ఇంకొకరు. ఈ రెండు ప్రశ్నలు రాని నెల లేదు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. చదివి పక్కన పెట్టేయకుండా, చేతిలో నాణెం ఉన్నప్పుడు ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ వెళ్లండి.

ముందు ఒక్క మాట. యూఎన్‌సీ అంటే టంకశాల నుంచి బయటికొచ్చాక జనం చేతుల్లో తిరగని నాణెం. సంచుల్లో ఒకదానికొకటి తగిలి పడ్డ చిన్న గీతలు, నొక్కులు ఉండొచ్చు, అది తప్పు కాదు. అరుగుదల మాత్రం ఉండకూడదు. ప్రపంచమంతా వాడే గ్రేడింగ్ కొలమానం 1 నుంచి 70 దాకా ఉంటుంది, అందులో 60, ఆ పైన ఉన్నవే యూఎన్‌సీ. 50 నుంచి 58 దాకా ఉన్నవి 'దాదాపు యూఎన్‌సీ', అంటే ఏయూ. ఈ 58కీ 62కీ మధ్య తేడా మామూలు కంటికి కనిపించదు, కానీ అరుదైన నాణెమైతే ధర మాత్రం చాలా మారిపోతుంది. జనం మోసపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకో మాట, ఇదే అసలైనది. బంగారం నాణ్యత వేరు, నాణెం నాణ్యత వేరు. కంసాలి దగ్గరికి తీసుకెళ్తే గీటురాయి మీద గీసి "ఇరవై రెండు క్యారెట్లే అమ్మా, నిఖార్సైనది" అంటాడు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ ఒక్క గీతతో నాణెం యూఎన్‌సీ కాకుండా పోయింది. బంగారాన్ని పరీక్షించడం కోసం నాణేన్ని పాడు చేయకండి.

ఏమేం కావాలి

- 10 రెట్లు పెద్దగా చూపించే లూప్, కంసాలులు కంటికి ఆనించుకునేది. 30 రెట్లు, 60 రెట్లు అని అమ్మేవి వద్దు, వాటిలో ప్రతి నాణెమూ గీతలమయంగానే కనిపిస్తుంది.
- 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా, దాన్ని సరిచూసుకోవడానికి ఒక తూకపు రాయి.
- ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్. స్టీలుది వాడితే అంచు మీద గీత పడుతుంది.
- ఒకే బల్బు ఉన్న టేబుల్ లైటు. ట్యూబ్‌లైటు కింద, ఎల్‌ఈడీ ప్యానెల్ కింద నాణెం చూడకండి, వెలుగు అన్ని వైపుల నుంచీ పడి లోపాలన్నీ మాయమవుతాయి. నగల షాపుల్లో లైట్లు అలా ఉండేది ఊరికే కాదు.
- నాలుగు మడతలు వేసిన మెత్తటి తువ్వాలు. నాణెం జారితే దాని మీద పడాలి.
- నాణెం సైజు క్యాప్సూల్, అంటే నాణెం పట్టే గుండ్రటి గట్టి ప్లాస్టిక్ డబ్బీ (సవరనుకైతే 22 మి.మీ.), లేదా మైలార్ ఫ్లిప్‌లు, అంటే నాణెం పెట్టే పారదర్శకమైన చిన్న కవర్లు.

1. ముందు ఏ నాణెమో తేల్చుకోండి

"అరుదైన బంగారు నాణెం ఏదైనా సరే" అని బయలుదేరితే ఎవరు ఏది చూపిస్తే అది కొంటారు. కొత్తవాళ్లకు నేను చెప్పే వరస ఇది.

మొదట 1918 బొంబాయి సవరను. సవరను అంటే బ్రిటిష్ వాళ్ల బంగారు నాణెం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో లండన్‌లోని రాయల్ మింట్ బొంబాయిలో ఒక శాఖ తెరిచి అక్కడే సవరన్లు కొట్టింది. 1919లో ఆ శాఖను మూసేశారు, కాబట్టి బొంబాయి సవరను మీద 1918 తప్ప ఇంకో సంవత్సరం ఉండదు. కొట్టినవి దాదాపు 13 లక్షలు. కోస్తాలో మనం 'కాసు' అంటే 8 గ్రాములని లెక్కేసుకుంటాం కదా, ఆ లెక్క సవరను బరువుకు దగ్గరిది. నిజం చెప్పాలంటే ఇది మరీ అరుదైనది కాదు. అందుకే నేర్చుకోవడానికి మంచిది, పొరపాటు చేసినా బంగారం విలువ ఎక్కడికీ పోదు.

రెండోది అదే ఏడు బొంబాయిలోనే కొట్టిన 15 రూపాయల బంగారు నాణెం. అప్పట్లో ఒక సవరను 15 రూపాయలకు చెల్లేది, కాబట్టి బరువు, బంగారం రెండూ సవరనువే. దీని మీద రాజు ఐదో జార్జి కిరీటంతో, భారతీయ రూపాయల మీద ఉన్నట్టే ఉంటాడు. ఆయన వస్త్రం మీద ఒక చిన్న ఏనుగు ఉంటుంది. 1911 రూపాయి మీద ఆ ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవై, 1912లో బొమ్మ మార్చారు. ఈ నాణెం మీద ఉన్నది ఆ మార్చిన ఏనుగే. లూప్‌లో దాని తొండం, చెవి విడివిడిగా కనిపిస్తే నాణెం బాగున్నట్టు మొదటి గుర్తు.

మూడోది హైదరాబాద్ అష్రఫీ, అంటే నిజాంల బంగారు నాణెం. చార్మినార్ బొమ్మతో, మెషీన్ మీద కొట్టినది. మహబూబ్ అలీ ఖాన్ చివరి సంవత్సరాల్లోనూ, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలోనూ వచ్చాయి. పూర్తి అష్రఫీతో పాటు అర, పావు, అరపావు కూడా ఉన్నాయి. మనవాళ్లకు దీని మీద మనసు పోవడం సహజం, నాకూ అంతే. కానీ ఇది మొదటి నాణెంగా వద్దు.

విక్టోరియా 1841 మొహరు, విలియం IV 1835 మొహరు (సింహం, తాటిచెట్టు బొమ్మ ఉన్నది) లాంటి కంపెనీ కాలపు బంగారు నాణేలు 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో సరిగ్గా తులం. యూఎన్‌సీ దొరకడం చాలా కష్టం. పైగా పాత డైలతో (అచ్చు దిమ్మెలతో) తర్వాతి కాలంలో టంకశాలలోనే కొట్టిన రీస్ట్రైక్‌లు ఉన్నాయి. అవి నకిలీలు కావు, అలాగని తొలినాటి నాణేలూ కావు. అద్దంలా తళతళలాడే 1835 మొహరు చూపించి "యూఎన్‌సీ" అంటే, ముందు రీస్ట్రైక్ అని అనుమానించండి.

విజయనగర వరహాల సంగతి వేరు. కృష్ణదేవరాయల బాలకృష్ణ వరహా 3.4 గ్రాముల చిన్న బిళ్ల, చేత్తో కొట్టినది. బొమ్మ సగం పడకపోయినా అది అరుగుదల కాకపోవచ్చు. మెషీన్ నాణేలకు చెప్పే సూత్రాలు వాటికి నేరుగా వర్తించవు, కాబట్టి వాటిని ఇక్కడ కలపడం లేదు.

2. కొనకముందు కనీసం 50 నాణేలు చూడండి

ఇది చెబితే చాలామంది విసుక్కుంటారు, కానీ అన్నిటికంటే ఎక్కువ డబ్బు ఆదా చేసేది ఇదే. హైదరాబాద్‌లో ఉంటే సైఫాబాద్ పాత టంకశాలలో పెట్టిన మ్యూజియానికి, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి వెళ్లండి. ముంబైలో తోడీవాలా, ఓస్వాల్, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్ లాంటి వేలం సంస్థలు వేలానికి ముందు నాణేలు చూడనిస్తాయి. కొనకపోయినా వెళ్లి కూర్చుని, అడిగి, లూప్ పెట్టి చూడండి. కుదరకపోతే పాత వేలాల ఫొటోలు చూడండి, పెద్దవి చేసి, 58 గ్రేడు నాణెం ఒకటి, 63 గ్రేడుది ఒకటి పక్కపక్కన పెట్టుకుని. రెండు వారాలు రోజూ పావుగంట చూస్తే కన్ను దారికొస్తుంది.

3. లెక్క రాసుకోండి

సవరనులో నికరంగా ఉండేది 7.32 గ్రాముల మేలిమి బంగారం. ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరతో దాన్ని గుణించండి. లెక్క తేలిగ్గా ఉండడానికి గ్రాము 10,000 అనుకుంటే 73,200. అడిగిన ధరలో ఇది పోగా మిగిలిందంతా మీరు నాణెం కోసం ఇచ్చే ప్రీమియం. కాగితం మీద ఆ అంకె విడిగా రాసుకుని, "ఇంత డబ్బు నేను దేనికి ఇస్తున్నాను?" అని చూసుకోండి. అరుగుదల లేదనే కదా. అలాంటప్పుడు అరుగుదల లేదని మీ కంటితో చూడకుండా ఇవ్వకండి.

వేలంలో అయితే పాట ఆగిన ధర మీద కొనేవారి కమీషన్, దానిపై పన్ను కలుస్తాయి. చేయి ఎత్తేముందే అవన్నీ కలిపి మీ హద్దు ఎంతో రాసుకోండి.

4. తూకం, కొలత

సవరను, 15 రూపాయల నాణెం: 7.988 గ్రాములు. కాటా మీద 7.98 లేదా 7.99 చూపాలి. సవరను వ్యాసం 22.05 మి.మీ. యూఎన్‌సీ అని చెప్పి 7.93 తూగితే అక్కడే ఆగిపోండి, అరగని నాణెం అంత తగ్గదు. సరిగ్గా 8.00 తూగితే సంతోషపడకండి, అది నగల కోసం ఎవరో పోయించిన బిళ్ల కావచ్చు. కాసు అంటే 8 గ్రాములు కాబట్టి ఆ తూకానికి చేస్తారు. అష్రఫీ 11.1 నుంచి 11.2 గ్రాముల మధ్య ఉంటుంది.

ఇంట్లో ఉన్న నాణేనికి ఇంకో పరీక్ష ఉంది, దీనివల్ల గీత పడదు. కాటా మీద చిన్న గ్లాసుతో నీళ్లు పెట్టి (బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్) సున్నాకు తెచ్చుకోండి. సన్నటి దారం ఉచ్చులో నాణెం కట్టి, అడుక్కి, పక్కలకి తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. సవరనైతే కాటా 0.45 దగ్గర చూపిస్తుంది. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే 17.6కు అటూఇటుగా రావాలి. అష్రఫీకైతే 0.64 దగ్గర. బంగారు పూత వేసిన ఇత్తడైతే అదే బరువుకు రెట్టింపు పైన చూపిస్తుంది. నాణేనికి గాలి బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది, మెల్లగా ఊపి మళ్లీ చూడండి. తర్వాత నాణేన్ని తుడవకండి, మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దండి.

గుర్తుంచుకోండి, ఈ పరీక్ష నెగ్గితే అది బంగారమని మాత్రమే తేలింది.

5. ఒక్క బల్బు కింద తిప్పి చూడండి

గది చీకటి చేసి టేబుల్ లైటు ఒక్కటే వేయండి. నాణేన్ని అంచుల దగ్గర బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకుని, కొంచెం వంచి, మెల్లగా గుండ్రంగా ఆడించండి. యూఎన్‌సీ నాణెం మీద వెలుగు ఒక చోట నిలవదు. మధ్య నుంచి అంచు దాకా రెండు పాయలుగా విచ్చుకుని, సైకిలు చక్రం పుల్లల్లా తిరుగుతుంది. అచ్చు కొట్టినప్పుడు లోహం అంచు వైపు పారి, కంటికి కనిపించని సన్నటి చారలు పడతాయి, ఆ వెలుగు వాటి మీది నుంచి వస్తుంది. చేతుల్లో తిరిగితే మొదట పోయేవి ఆ చారలే. ఒకసారి పోతే ఏ పాలిష్‌తోనూ తిరిగిరావు.

ఇప్పుడు ఆ వెలుగు పాయ ఎత్తుగా ఉన్న చోట్ల మీదుగా వెళ్తున్నప్పుడు తెగుతుందా చూడండి. రాజు చెంప మీదికి రాగానే మసకబారి, చెంప దాటాక మళ్లీ వెలిగితే అక్కడ అరిగింది. తెగకుండా సాగిపోతే అరగలేదు. నాకు ఇది పట్టుబడడానికి చాలాకాలం పట్టింది, మీకు ఒక్క రాత్రిలో రాకపోతే టెన్షన్ పడకండి.

6. ఎత్తైన చోట్లు లూప్‌తో

సవరను మీద రాజు వైపు: కనుబొమ్మ, చెంప ఎముక, చెవి పైన జుట్టు, గడ్డం. గుర్రం వైపు: గుర్రం ఛాతీ, దాని మీద కూర్చున్న సెయింట్ జార్జి తొడ, మోకాలు, తలమీది శిరస్త్రాణం. ఈ చోట్లు మిగతా నాణెం కంటే కొంచెం చదునుగా, రంగు మసకగా ఉంటే అది ఏయూ.

అష్రఫీ మీద: మీనార్ల బాల్కనీ గీతలు, మధ్య కమాను పైన ఉన్న సన్నటి పని. కమాను లోపల ఒక చిన్న అక్షరం ఉంటుంది, మహబూబ్ అలీ ఖాన్ నాటిదైతే 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ నాటిదైతే 'ఐన్'. ఉస్మాన్ అలీ మొదటి ఏళ్ల నాణేల్లో ఆ 'ఐన్' పూర్తిగా ఉన్న రకం, సగమే ఉన్న రకం రెండూ ఉన్నాయి, కాబట్టి సగం అక్షరాన్ని చూసి అరిగిపోయిందని కంగారు పడకండి. సంవత్సరం హిజ్రీలో, పర్షియన్ అంకెల్లో ఉంటుంది. ఆ పది అంకెలు నేర్చుకోండి, గంట పని. హిజ్రీ 1329 అంటే 1911, ఉస్మాన్ అలీ గద్దెనెక్కిన ఏడు. అమ్మేవాడు చెప్పిన రాజుకీ, కమానులో ఉన్న అక్షరానికీ, సంవత్సరానికీ పొత్తు కుదరాలి.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. అచ్చు సరిగ్గా పడక బొమ్మ పలచగా ఉన్నచోటును అరుగుదల అనుకుని మంచి నాణెం వదిలేస్తారు. తేడా తెలుసుకోవడం తేలికే. అచ్చు పడనిచోట మెరుపు ఉంటుంది, అరిగినచోట ఉండదు.

7. అంచు చుట్టూ తిప్పి చూడండి

అందరూ రెండు వైపులా చూసి అంచు వదిలేస్తారు. నేనూ అలాగే వదిలేశాను. నాణేలు కొనడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఎగ్జిబిషన్‌లో 1918 సవరను దొరికింది. రాజు ముఖం, గుర్రం రెండూ చక్కగా మెరుస్తున్నాయి. యూఎన్‌సీ ధర పెట్టి తెచ్చుకున్నా. నెల తర్వాత క్యాప్సూల్లోంచి తీసి లూప్ కింద అంచు తిప్పితే, సరిగ్గా రాజు నడినెత్తి పైన, బియ్యపుగింజ వెడల్పు మేర, అంచు గాడులు లేవు. నున్నగా ఉంది. దాని చుట్టూ రంగు కొంచెం పాలిపోయి ఉంది. ఎప్పుడో గొలుసుకు వేయడానికి టంకం పెట్టి కొక్కెం అతికించారు, తర్వాత దాన్ని తీసేసి ఆకురాయితో రుద్దారు. బంగారం ధరకే అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన దేశంలో ఈ లోపం చాలా ఎక్కువ, ఎందుకంటే సవరన్లు మనవాళ్లు ఎక్కువగా మెడలోనే దాచుకున్నారు. కాబట్టి పన్నెండు గంటల స్థానం మొదట చూడండి, తర్వాత ఆరు గంటల దగ్గర, తర్వాత మొత్తం చుట్టు. గాడులు ఒకే లోతులో, ఒకే దూరంలో ఉండాలి. ఫొటో చూసి కొంటుంటే అంచు వీడియో అడగండి, ఇవ్వనంటే కొనకండి. ఉంగరంలో, లాకెట్ ఫ్రేములో బిగించినవైతే టంకం ఉండదు కానీ అంచు చుట్టూ నొక్కుల వరస ఉంటుంది.

8. తోమిన నాణెం కనిపెట్టడం

మన ఇళ్లలో బంగారం అంటే కుంకుడుకాయ రసంలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమడం అలవాటు. గాజులకు అది మంచిదే. నాణేనికి అది మరణశాసనం. వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెట్టిన నాణెం, ధనత్రయోదశికి పాలతో కడిగిన నాణెం, పసుపు కుంకుమలు అక్షరాల సందుల్లో ఇరుక్కున్న నాణెం, ఇవన్నీ తర్వాత తోముడుకు వెళ్లినవే. పూజకు పెట్టాలనుకుంటే క్యాప్సూల్లోనే పెట్టండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

ఎలా గుర్తుపట్టాలంటే, ఖాళీ మైదానంలో (రాజు ముఖం ముందున్న చదును భాగంలో) లూప్‌తో చూస్తూ తిప్పండి. సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు ఒకే దిక్కుకు గుంపులుగా కనిపిస్తే తోమారు. సంచిలో పడ్డ గీతలైతే దిక్కూదరీ లేకుండా, ఒక్కొక్కటీ వేరువేరు లోతుల్లో ఉంటాయి. మెరుగు పెట్టించిన నాణెమైతే తిప్పినా వెలుగు తిరగదు, స్టీలు గరిటెలా అంతటా ఒకేసారి మెరుస్తుంది. అక్షరాల అంచులు కరిగిన వెన్నలా గుండ్రంగా అయిపోతాయి.

ఎర్రటి చిన్న మచ్చలు కనిపిస్తే భయపడకండి. సవరనులో మిగతా లోహం రాగి, అది అక్కడక్కడ పైకి తేలుతుంది. అవి పోవాలని రుద్దకండి. పాత ప్లాస్టిక్ కవరు వల్ల జిగురుగా పచ్చటి పొర ఉంటే మాత్రం స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీసి ఆరనివ్వొచ్చు. కిటికీ తెరిచి, స్టవ్‌కు దూరంగా, రుద్దకుండా. నెయిల్ పాలిష్ రిమూవర్ స్వచ్ఛమైన అసిటోన్ కాదు, దాంట్లో ఇంకేవేవో కలుపుతారు.

9. బంగారం అసలు, నాణెం నకిలీ

ఇది చాలామంది నమ్మరు. సవరను నకిలీల్లో సరైన 22 క్యారెట్ల బంగారంతో చేసినవే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో బీరూట్‌లో అలాంటివి చాలా తయారయ్యాయి. తూకం, నీళ్ల పరీక్ష, గీటురాయి అన్నీ నెగ్గుతాయి. అచ్చు ఒక్కటే పట్టిస్తుంది.

1918 బొంబాయి సవరనులో చూడాల్సినవి: గుర్రం కాళ్ల కింద నేల గీత మధ్యలో, సంవత్సరానికి పైన, చిన్న ఇంగ్లీషు 'ఐ' (I) అక్షరం. అదే బొంబాయి గుర్తు. కుడివైపు కింద 'బీపీ' (B.P.) అనే పొడి అక్షరాలు, అవి బొమ్మ చెక్కిన పిస్త్రూచివి. రాజు మెడ కోసినచోట 'బీఎం' (B.M.), రాజు బొమ్మ చెక్కిన మెకన్నల్‌ది. ఇవి ఉంటే చాలదు, అంచులు పదునుగా ఉండాలి. నకిలీలో అక్షరాల కాళ్ల దగ్గర మైనం ఉబ్బినట్టు ఉంటుంది, మైదానంలో గుంటలు, బొబ్బల్లాంటి చుక్కలు కనిపిస్తాయి. ఇంకో చిన్న పరీక్ష, రాజును నిటారుగా పట్టుకుని నాణేన్ని పుస్తకం పేజీలా పక్కకు తిప్పండి. గుర్రం కూడా నిటారుగానే రావాలి.

మామూలు సవరను మీద 'ఐ' అక్షరం తర్వాత చెక్కించి బొంబాయిదని అంటగట్టడం కూడా సాధ్యమే. లూప్ కింద ఆ అక్షరం చుట్టూ మెరుపు చెదిరిందా, గీతలు ఉన్నాయా చూడండి.

10. స్లాబ్‌లో ఉంటే

పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే రెండు అమెరికా సంస్థలు నాణెం చూసి, గ్రేడు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తాయి. ఆ పెట్టెనే స్లాబ్ అంటారు. కొత్తవాళ్లకు ఇదే క్షేమం. అయినా మూడు పనులు చేయండి. పెట్టె మీద నంబరును ఆ సంస్థ సైట్లో కొట్టి చూడండి. సైట్లో ఫొటో ఉంటే, మీ చేతిలో ఉన్న నాణెం మీద గీతలు, మచ్చలు దానితో సరిపోతున్నాయా చూడండి, ఎందుకంటే నకిలీ పెట్టెలు అసలు నంబర్లతోనే వస్తాయి. మూడోది, లేబుల్ పూర్తిగా చదవండి. 'యూఎన్‌సీ డీటెయిల్స్' అని ఉంటే లోపం ఉందని అర్థం, తోమారనో, కొక్కెం తీశారనో పక్కనే రాసి ఉంటుంది. వాట్సాప్‌లో పంపే ఫొటోలో ఆ ముక్క కత్తిరించి పంపేవాళ్లున్నారు.

11. చట్టం సంగతి

1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ఇంట్లో ఉంచుకోవచ్చు, దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి అమ్మమ్మ సవరను బ్యాగులో పెట్టి పంపడం, గ్రేడింగ్ కోసమని విదేశానికి కొరియర్ చేయడం, రెండూ దీని కిందికే వస్తాయి. 1918 నాణేలు ఎప్పుడో వందేళ్లు దాటేశాయి. ఉస్మాన్ అలీ ఖాన్ అష్రఫీలు ఏటా ఒక్కో సంవత్సరానివి దాటుతున్నాయి, ఈ హద్దు జరుగుతూ ఉంటుంది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు అక్కడే స్లాబ్ నాణేలు కొని అక్కడే ఉంచుకోవడం తేలిక. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, కాబట్టి డీలరు దగ్గర అది ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

ఇంకొకటి, "పొలం దున్నుతుంటే బిందెలో దొరికాయి, మీకు తక్కువకే ఇస్తాం" అని వచ్చేవాళ్లు. మొదట ఒకటి అసలుది ఇచ్చి టెస్ట్ చేయించుకోమంటారు, తర్వాత సంచెడు ఇత్తడి అంటగడతారు. ఒకవేళ నిజంగా దొరికినవే అయినా, 1878 నిధుల చట్టం ప్రకారం 10 రూపాయలు దాటిన విలువైన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. ఎటు చూసినా మీకు నష్టమే, మాట కూడా కలపకండి.

12. డబ్బు, బిల్లు

బిల్లు మీద "పాత బంగారు నాణెం 1" అని రాస్తే ఒప్పుకోకండి. ఏ నాణెం, ఏ సంవత్సరం, బరువు, గ్రేడు, స్లాబ్ నంబరు, అసలుది కాదని తేలితే వాపసు తీసుకుంటామన్న మాట, ఇవన్నీ రాయించుకోండి. చెల్లింపు బ్యాంకు ద్వారానే చేయండి, రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం అమ్మేవాడికి చట్టరీత్యా కుదరదు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అంటే రేపు మీరు అమ్మేటప్పుడు ఆ తగ్గింపు పదింతలై తిరిగొస్తుంది.

13. దాచుకోవడం

క్యాప్సూల్, దానికి ఒక జిప్ కవరు, అందులో సిలికా జెల్ పొట్లం. మెత్తగా, వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. దూది, వెల్వెట్ పెట్టెలు, నగల షాపు గులాబీ కాగితం కూడా వద్దు. లాకర్‌లో గొలుసులతో కలిపి ఒకే డబ్బాలో వేయకండి. వచ్చినవాళ్లకు చూపించేటప్పుడు క్యాప్సూల్లోనే చూపించండి, చేతిలో పెట్టకండి. బంగారానికి ఏం కాదులే అంటారు కానీ, వేలి నూనె అంటిన చోట తర్వాత ఎవరో ఒకరు తుడుస్తారు.

చివరిగా ఒక కాగితం. నాణెం పేరు, సంవత్సరం, ఎక్కడ, ఎంతకు కొన్నారు, బిల్లు ఎక్కడుంది, అమ్మాలంటే ఏ వేలం సంస్థలను అడగాలి, ఇవన్నీ తెలుగులో రాసి నాణెంతోపాటే లాకర్‌లో పెట్టండి. పైన పెద్ద అక్షరాలతో "తోమొద్దు, గీటురాయి మీద గీయించొద్దు, కరిగించొద్దు" అని రాయండి. మీరు లేని రోజున ఆ డబ్బా తెరిచేవాళ్లు దాన్ని నేరుగా కంసాలి దగ్గరికే తీసుకెళ్తారు, వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే.